ఐసు దిమ్మ నడుమ ఆ తెలుపేమిటి? - పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో స్ఫటికాల పెరుగుదల గురించి, కరిగిన పదార్థం గడ్డకట్టే తీరు గురించి నేను రాసిన వ్యాసానికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గోదావరి డెల్టా నుంచే వచ్చాయి. అందుకు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఐసు, ఉప్పు, నెయ్యి, కొబ్బరినూనె, ఇత్తడి, కంచు, వీటన్నిటి కథ ద్రవం ఘనంగా మారడంతోనే ముడిపడి ఉంది, ఇవన్నీ ఆ నేల మీది రోజువారీ బతుకులో భాగమే. స్ఫటికాల పరిశోధకుడిగా కొలిమి ముందు ముప్పై ఏళ్ళు కూర్చున్నవాణ్ణి కాబట్టి నా జవాబుల్లో వృత్తి మమకారం కొంత ఎక్కువగా కనిపిస్తే మన్నించాలి. ఉత్తరాలను కుదించాను, పేర్లు తీసివేసి ఊళ్ళు మాత్రం ఉంచాను.

ప్రశ్న (భీమవరం): మాది ఐసు ఫ్యాక్టరీ. రొయ్యలు, చేపలు ఎగుమతి చేసేవారికి దిమ్మలు ఇస్తాము. దిమ్మ అంచులన్నీ అద్దంలా ఉంటాయి గాని నడిమధ్య నిలువునా తెల్లటి చార పడుతుంది. నీళ్ళు మంచివి కావు కాబట్టే అలా వస్తోందని కొనేవాళ్ళు అంటున్నారు. నిజమేనా? అది రాకుండా చేయవచ్చునా?

జవాబు: ఆ తెలుపు ఒక్కదాన్నే చూసి నీళ్ళు చెడ్డవని చెప్పడం న్యాయం కాదు. ఆ చారలో ఉన్నది ముఖ్యంగా గాలి. ఏ నీటిలోనైనా కొంత గాలి, కొన్ని లవణాలు కరిగి ఉంటాయి. నీరు మంచుగా మారేటప్పుడు దాని అణువులు ఆరు మూలల అల్లికలో అమరుతాయి. ఆ అల్లికలో ఉప్పుకు గాని, ప్రాణవాయువుకు గాని, నత్రజనికి గాని దాదాపుగా చోటు లేదు. చోటు లేనివాటిని పెరుగుతున్న మంచు తన ముందున్న నీటిలోకి నెట్టివేస్తుంది. మీ డబ్బా చల్లటి ఉప్పునీటి తొట్టెలో మునిగి ఉంటుంది కాబట్టి మంచు గోడల నుంచి లోపలికి పెరుగుతూ వస్తుంది, దాని ముందు గాలీ లవణాలూ నడిమికి తరుముకొని పోతాయి. చివరికి నడుమ మిగిలిన కాసిని నీళ్ళలో అవి పట్టనంతగా పోగవుతాయి. అప్పుడు గాలి సన్నని బుడగలుగా బయటపడి, ఎటూ పోలేక అక్కడే చిక్కుకుంటుంది. ఆ బుడగల మీద పడిన వెలుతురు చెదిరిపోవడమే మీ కొనుగోలుదారులకు కనిపించే తెలుపు.

అయితే మీ నీటి సంగతి నిజంగా తెలుసుకోవాలంటే ఆ చారకన్నా మంచి సాక్షి మరొకటి లేదు. దిమ్మ అంచు నుంచి ఒక ముక్క, నడుమ నుంచి ఒక ముక్క కొట్టి, వేరువేరు గిన్నెల్లో కరిగించి, నీటి శుద్ధి యంత్రాలవాళ్ళ దగ్గర ఉండే, నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపే టీడీఎస్ మీటరుతో రెండింటినీ చూడండి. అంచు నీటికన్నా నడుమ నీటిలో లవణం ఎక్కువగానే కనిపిస్తుంది, ఎందుకంటే దిమ్మ మొత్తం వదిలివేసిన ఉప్పు అక్కడే చేరింది. తేడా మరీ విపరీతంగా ఉంటే మీ బోరు నీళ్ళు ఉప్పదేరాయని అర్థం. లవణం చేరిన మంచు సున్నా డిగ్రీలకన్నా ముందే మెత్తబడుతుంది గనుక అటువంటి దిమ్మ లారీలో ఉండగానే నడుమ నుంచి బోలుగా కరిగిపోతుంది. అది మీకు నష్టమే.

చారను తగ్గించే ఉపాయం ఐసు పరిశ్రమలో పాతదే. డబ్బాలోకి సన్నని గొట్టంతో గాలిని వదిలి నీటిని కదిలిస్తూ ఉంటారు. గాలిని పోగొట్టడానికి గాలినే ఊదడం విడ్డూరంగా తోచవచ్చు గాని, అక్కడ కావలసింది కదలిక. మంచు నెట్టివేసిన పదార్థం మంచు అంచును ఆనుకుని ఒక పలుచని పొరలో ముందుగా పోగవుతుంది. నీరు నిలకడగా ఉంటే ఆ పొర చిక్కనై బుడగలు అక్కడే పుట్టి మంచులో ఇరుక్కుంటాయి, నీరు కదులుతుంటే ఆ పొర కడుక్కుపోతుంది. నడుమ కాసిని నీళ్ళు మిగిలినప్పుడు వాటిని తోడివేసి మంచినీళ్ళు పోస్తే లవణం కూడా పోతుంది. తొట్టెను మరీ చల్లబరిచి తొందరగా గడ్డకట్టించాలని చూస్తే మాత్రం తెలుపు పెరుగుతుంది, ఎందుకంటే మంచు వేగంగా పెరిగేటప్పుడు వదిలివేయవలసినవాటికి తప్పుకునే వ్యవధి ఉండదు.

తొందర గురించి మరొక్క మాట. సున్నా డిగ్రీల దగ్గరున్న ఒక కిలో నీటిని మంచుగా మార్చడానికి దాని నుంచి తీసివేయవలసిన వేడి, అదే కిలో నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచడానికి కావలసినంత. ఆ వేడి అంతా అప్పటికే గడ్డకట్టిన మంచులోంచే బయటికి ప్రయాణం చేయాలి. మంచు మందం పెరిగేకొద్దీ దారి పొడవవుతుంది. జోసెఫ్ స్టెఫాన్ అనే భౌతిక శాస్త్రవేత్త 1890 ప్రాంతంలో ధ్రువ సముద్రాల మంచు గురించి ఈ లెక్కనే కట్టాడు: మందం రెట్టింపు కావాలంటే కాలం నాలుగింతలు పడుతుంది. మీరు పెద్ద డబ్బాలకు మారాలని అనుకుంటూ ఉంటే ఈ లెక్కను ముందు పెట్టుకోండి.

ప్రశ్న (నరసాపురం): విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడుతుందని దాదాపు నలభై ఏళ్ళు పిల్లలకు చెప్పాను. అంతకన్నా చాలా దిగువన కూడా నీరు ద్రవంగానే ఉండగలదని మీరు రాశారు. నేను చెప్పింది తప్పా?

జవాబు: మాస్టారూ, తప్పు కాదు, అది సగం మాట. మంచు సున్నా దగ్గర కరుగుతుందన్నది కచ్చితం. నీరు సున్నా దగ్గర గడ్డకట్టవచ్చు, కట్టకపోవచ్చు. ఘనంగా మారాలంటే ముందు ఎక్కడో ఒకచోట కొన్ని అణువులు వరసగా కుదురుకొని చిన్న బీజంగా ఏర్పడాలి. బీజం మరీ చిన్నదైతే దాని లోపలి భాగంకన్నా ఉపరితలం పాలు ఎక్కువ. ఉపరితలం నిలబెట్టడానికి శక్తి ఖర్చవుతుంది కాబట్టి అది పెరగడానికి బదులు మళ్ళీ కరిగిపోతుంది. ఒక హద్దు దాటిన బీజమే నిలుస్తుంది. మామూలు నీటిలో దుమ్ము కణమో, గిన్నె గోడ మీది గీతో ఆ బీజానికి ఆసరా ఇస్తుంది. ఆసరా లేని శుద్ధమైన నీటి బిందువులను సున్నాకు దిగువన 38 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంచవచ్చు. ఉష్ణమాపకానికి తన పేరిచ్చిన ఫారన్‌హీట్ 1724లోనే ఈ వింతను ప్రచురించాడు. లోహాలు ఇలా ఆగవని చాలాకాలం అనుకున్నారు. 1950 ప్రాంతంలో శాస్త్రవేత్త డేవిడ్ టర్న్‌బుల్ కరిగిన లోహాన్ని అతి చిన్న బిందువులుగా విడగొట్టి, మలినాలు కొద్ది బిందువులకే పరిమితమయ్యేలా చేసి, మిగిలిన బిందువులు కూడా నీటిలాగే ఎంతో దిగువ దాకా ద్రవంగా ఉంటాయని చూపించాడు. నాకు ఆ ప్రయోగం ఈనాటికీ ముచ్చటగా తోస్తుంది, ఎందుకంటే అందులో ఖరీదైన పరికరం ఏదీ లేదు, ఒక మంచి ఆలోచన ఉంది.

మీ ప్రాంతంలోనే దీనికి ఉదాహరణ ఉంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పుష్యమాసపు రాత్రి అంతకన్నా చల్లబడినా, కోనసీమ ఇళ్ళలో ఒక సీసా పేరుకుంటుంది, పక్క సీసా పేరుకోదు. పేరుకోని సీసాలో కాస్త గడ్డనూనె వేసి చూడండి.

ప్రశ్న (కొత్తపేట): వెన్న అదే, గిన్నె అదే, కాచేది నేనే. ఒకసారి నెయ్యి చక్కగా పూస కడుతుంది, ఇంకోసారి ముద్దలా అవుతుంది. మా అత్తగారు నా చేతివాటం అంటారు. సైన్సు ఏమంటుంది?

జవాబు: మీ అత్తగారి మాటకు ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు గాని, తేడా చేతిలో కన్నా చల్లారిన తీరులో ఉందని నా నమ్మకం. నెయ్యి ఒకే పదార్థం కాదు. వేరువేరు ఉష్ణోగ్రతల దగ్గర కరిగే అనేక కొవ్వుల కలయిక. చల్లారేటప్పుడు ఎక్కువ వేడి దగ్గర కరిగే కొవ్వులు ముందుగా గట్టిపడతాయి, తక్కినవి వాటి సందుల్లో ద్రవంగా మిగులుతాయి. పూసకు, పూసకు మధ్య ఊరే ఆ పచ్చని నూనె ఇదే.

పూస పెద్దదా చిన్నదా అన్నది రెండు వేగాల మధ్య పోటీ మీద ఆధారపడుతుంది. ఒకటి కొత్త బీజాలు పుట్టే వేగం, రెండవది పుట్టిన బీజం పెరిగే వేగం. గిన్నెను వేడివేడిగా ఫ్రిజ్‌లో పెడితే లెక్కలేనన్ని బీజాలు ఒక్కసారి పుట్టి, ఉన్న కొవ్వును తలా కాస్త పంచుకుని చిన్నవిగానే ఆగిపోతాయి. మీరు ముద్ద అన్నది అదే. గట్టున పెట్టి, కదపకుండా, 28, 29 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలితే కొద్దిపాటి బీజాలే పుట్టి ఒక్కొక్కటీ తీరికగా పెరుగుతుంది. మే నెలలో గది అంతకన్నా వేడిగా ఉంటుంది కాబట్టి పూస కట్టదు, సంక్రాంతికి త్వరగా చల్లారి సన్నబడుతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు పాత పూసనెయ్యి అరచెంచా కలిపి చూడండి. అది పూర్తిగా కరిగిపోకపోతే కొత్త నెయ్యికి తోడులా పనిచేస్తుంది. పాలలో వేసే తోడుకు ప్రాణం ఉంటుంది, దీనికి లేదు, అంతే తేడా. గేదె నెయ్యిలో ఆవు నెయ్యికన్నా పెద్ద పూస రావడం కూడా ఉన్నదే కనుక, ఆ వారం పాలు ఎవరింటివో కూడా గుర్తు చేసుకోండి.

ప్రశ్న (రాజోలు): ఏజెన్సీ నుంచి తెప్పించిన తేనె అడుగున పంచదారలా పేరుకుంది. కల్తీయేనా?

జవాబు: పేరుకోవడం కల్తీకి రుజువు కాదు, పేరుకోకపోవడం స్వచ్ఛతకు రుజువూ కాదు. తేనెలో ముఖ్యంగా రెండు చక్కెరలు ఉంటాయి, గ్లూకోజు, ఫ్రక్టోజు. గ్లూకోజు తక్కువగా కరుగుతుంది కాబట్టి ముందుగా స్ఫటికమై అడుగున చేరుతుంది. గ్లూకోజు పాలు ఎక్కువున్న పువ్వుల తేనె త్వరగా పేరుకుంటుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. గ్లూకోజు తప్పుకోగా పైన మిగిలిన ద్రవం మునుపటికన్నా పలుచనవుతుంది, పలుచబడిన తేనె పులిసే అవకాశం ఉంది. సీసాను గోరువెచ్చని నీళ్ళలో నిలబెట్టి కరిగించి కలపండి, పొయ్యి మీద మాత్రం పెట్టవద్దు.

ప్రశ్న (కాకినాడ): మా ఊరి పక్క ఉప్పుమళ్ళలో ఉప్పు తీశాక మిగిలిన నీటిని బయటికి వదిలేస్తారు. అందులో ఇంకా ఉప్పు ఉంటుంది కదా, ఎందుకు పారబోస్తారు?

జవాబు: ఉంటుంది, కాని దాన్ని ఆశిస్తే ఉన్న ఉప్పు చెడుతుంది. సముద్రపు నీరు ఎండుతూ ఉంటే లవణాలన్నీ ఒకేసారి దిగవు. మొదట సున్నపు లవణం, తర్వాత జిప్సం, నీటిలో దాదాపు పదింట తొమ్మిది వంతులు ఎగిరిపోయాక గాని తినే ఉప్పు దిగదు. అప్పటికి ఉప్పునీటి చిక్కదనాన్ని కొలిచే బోమే మాపకం 25 చూపుతుంది. ఉప్పు స్ఫటికం సోడియాన్ని, క్లోరిన్‌ను ఒకటి విడిచి ఒకటిగా పేర్చుకుంటుంది, మెగ్నీషియానికి అందులో చోటివ్వదు. కాబట్టి మెగ్నీషియం లవణాలన్నీ మిగిలిన నీటిలోనే చిక్కబడుతూ పోతాయి. మాపకం 29, 30 దాటనిస్తే అవి కూడా దిగడం మొదలై ఉప్పుకు చేదు తగులుతుంది, గాలిలోని తేమను లాగి బస్తా చెమ్మగిల్లుతుంది. అనుభవమున్న పనివాడు నీటిని వేళ్ళ మధ్య రాసి, నూనెలా జారుతోందా అని చూసి ఆ గడియను పసిగడతాడు.

ప్రశ్న (అజ్జరం): మాది తరతరాల పోతపని. కంచు గంటల్లో పైన మందంగా ఉండే తలకట్టు దగ్గర లోపల బొరియలు పడుతున్నాయి. కొన్ని గంటల మీద తెల్లటి చెమట బొట్లలాంటివి వస్తున్నాయి. లోహం నాసిరకమా, మా పని లోపమా?

జవాబు: ఇత్తడి పనికి పేరున్న ఊరివారు నన్ను అడగడం నాకు గౌరవమే గాని, కొలిమి దగ్గర మీకు తెలిసినది నాకు తెలియదన్నది ముందు ఒప్పుకోవాలి. నేను చెప్పగలిగింది లోపల జరిగేది మాత్రమే.

మొదట బొరియలను రెండు రకాలుగా విడదీయండి. గంటను కోసి, బొరియ గోడను భూతద్దంతో చూడండి. గోడ నున్నగా, గుండ్రంగా ఉంటే అది వాయువు చేసిన పని. అచ్చులో తడి మిగిలినా, లోహాన్ని పొగలో ఎక్కువసేపు కాచినా హైడ్రోజన్ కరిగిన లోహంలోకి చేరుతుంది. లోహం గడ్డకట్టేటప్పుడు దాన్ని పట్టి ఉంచుకోలేక బుడగలుగా వదులుతుంది. భీమవరం ఐసు దిమ్మలో గాలి చేసింది ఇక్కడ హైడ్రోజన్ చేస్తోంది. అచ్చును మరింత ఆరనివ్వడం, లోహాన్ని అవసరానికి మించి కాచకపోవడం దీనికి మందు. గోడ గరుకుగా, చిన్నచిన్న చెట్ల కొమ్మల మొనలు పొడుచుకు వచ్చినట్టుగా ఉంటే అది వాయువు కాదు, కొరత. నీరు గడ్డకడితే ఉబ్బుతుంది గాని రాగి, తగరం, వాటి కలయికలు గడ్డకడితే కుంచించుకుపోతాయి. చివర గట్టిపడే చోటికి ఆ కొరత తీర్చడానికి ద్రవం అందకపోతే అక్కడ ఖాళీ మిగులుతుంది.

చివర గట్టిపడేది ఎక్కడ అన్నది ముందే లెక్కగట్టవచ్చు. పోత ఘనపరిమాణాన్ని దాని ఉపరితలంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే గడ్డకట్టే కాలం దానికి అనుగుణంగా ఉంటుందని నికొలాయ్ క్వోరినోవ్ అనే ఇంజనీరు 1940లో చూపించాడు. ఐసు డబ్బా లెక్కకు ఇది చుట్టమే. తలకట్టు మందం గంట గోడ మందానికి రెట్టింపైతే అక్కడ నాలుగింతల సేపు ద్రవం నిలుస్తుంది, ఈలోగా చుట్టూ ఉన్నదంతా గట్టిపడి దానికి సరఫరా తెంపేస్తుంది. కాబట్టి తలకట్టు పైన అంతకన్నా ఆలస్యంగా గట్టిపడే ఒక గుంట నిండా లోహం ఉండాలి. ఆ గుంట పైభాగాన్ని ఊక బూడిదతో కప్పండి. ఊక బూడిద వేడిని పోనివ్వదు. పెద్ద ఉక్కు కర్మాగారాలు కూడా కరిగిన ఉక్కు మీద దాన్నే కప్పుతాయి. రైసుమిల్లులు ఉన్నచోట దానికి కొదవ ఉండదు.

ఇక చెమట బొట్ల సంగతి. కంచు నీటిలా ఒకే ఉష్ణోగ్రత దగ్గర గట్టిపడదు. ముందుగా రాగి ఎక్కువ, తగరం తక్కువ ఉన్న స్ఫటికాలు కొమ్మలు వేసుకుంటూ పెరుగుతాయి. వద్దన్న తగరాన్ని అవి కొమ్మల సందుల్లోని ద్రవంలోకి తోస్తాయి. ఆ ద్రవం తగరంతో చిక్కబడేకొద్దీ ఇంకా తక్కువ వేడి దగ్గర కూడా ద్రవంగానే ఉంటుంది. పైపెంకు కుంచించుకుపోతున్నప్పుడు, లోపలి వాయువులు నొక్కినప్పుడు, ఆ చివరి ద్రవం కొమ్మల సందుల వెంట బయటికి పిండినట్టు వచ్చి పైన తెల్లటి బొట్లుగా గడ్డకడుతుంది. లోహపు పనివారు దాన్ని తగరపు చెమట అనే పిలుస్తారు, మీరు పెట్టిన పేరే. లోహం నాసిరకమని దానర్థం కాదు. వాయువు ఎక్కువగా ఉందని మాత్రం అది చెబుతోంది. కనుక మీ రెండు ఫిర్యాదులకూ మొదటి మందు ఒకటే, అచ్చును బాగా ఆరబెట్టడం. వర్షాకాలంలో చెమట ఎక్కువగా వస్తోందా అన్నది గమనించి నాకు రాయగలరా?

ప్రశ్న (పాలకొల్లు): డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. స్ఫటికాల పెరుగుదల మీద పరిశోధన అంటే శాస్త్రవేత్త రోజంతా ఏం చేస్తారు? స్ఫటికం తనంత తానే పెరుగుతుంది కదా?

జవాబు: అమ్మా, తనంత తానే పెరుగుతుంది, కాని మనకు కావలసినట్టు పెరగదు. పరిశోధన అంతా ఆ రెండు వాక్యాల మధ్యే ఉంది.

పై జవాబుల్లో ఒకే సంగతి మళ్ళీ మళ్ళీ రావడం మీరు గమనించే ఉంటారు. గడ్డకడుతున్న అంచు రెండింటిని వదిలించుకోవాలి: గడ్డకట్టేటప్పుడు పుట్టే వేడిని, తన అల్లికలో ఇమడని పదార్థాన్ని. ఈ రెండూ ఎటు పోతాయి, ఎంత వేగంగా పోతాయి అన్నదే స్ఫటికం రూపాన్ని, శుద్ధిని, బలాన్ని నిర్ణయిస్తుంది. మేము రోజంతా చేసేది ఆ దారిని కొలవడం, దాన్ని మనకు అనుకూలంగా మళ్ళించడం.

సిలికాన్‌ను చూడండి. పోలండుకు చెందిన శాస్త్రవేత్త యాన్ చోక్రాల్‌స్కీ 1916లో బెర్లిన్‌లో పనిచేస్తూ, ఒకనాడు రాసుకుంటూ కలాన్ని సిరాబుడ్డిలో ముంచబోయి పక్కనున్న కరిగిన తగరంలో ముంచాడని, పైకి తీస్తే పాళీ చివర సన్నని తీగ సాగివచ్చిందని, పరీక్షిస్తే ఆ తీగ అంతా ఒకే స్ఫటికమని తేలిందని చెబుతారు. ఆ పద్ధతితోనే నేడు 1414 డిగ్రీల దగ్గర కరిగిన సిలికాన్‌లో చిన్న స్ఫటికపు బీజాన్ని తాకించి, తిప్పుతూ, నిమిషానికి ఇంచుమించు ఒక మిల్లీమీటరు చొప్పున పైకి లాగి, 300 మిల్లీమీటర్ల వ్యాసమున్న దుంగలను తయారు చేస్తారు. మీ చేతిలోని ఫోను చిప్పులు అలాంటి దుంగ నుంచి కోసిన పలకల మీదే పుడతాయి. ఈ క్రమంలో స్ఫటికం మలినాలను వదిలిపెట్టే తీరు ఆశ్చర్యకరం: ద్రవంలో ఇనుము లక్ష పాళ్ళు ఉంటే స్ఫటికంలోకి చేరేది ఒక పాలు మాత్రమే. బోరాన్‌ది మరో స్వభావం; అది పది పాళ్ళకు ఎనిమిది పాళ్ళు లోపలికి వచ్చేస్తుంది, కాబట్టి గడ్డకట్టించి బోరాన్‌ను వదిలించుకోవాలనుకోవడం వృథా. ఈ నెట్టివేతనే పనిముట్టుగా చేసుకుని అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో విలియం ఫాన్ 1950ల ఆరంభంలో ఒక ఉపాయం కనిపెట్టాడు. లోహపు కడ్డీలో సన్నని మేర మాత్రమే కరిగించి ఆ కరిగిన మేరను ఒక కొస నుంచి మరో కొసకు నడిపిస్తే, మలినాలు దాని వెంట చీపురు ముందు చెత్తలా కదిలి చివరికి చేరతాయి. ఆ కొసను కోసేస్తారు. తొలినాటి ట్రాన్సిస్టర్లకు కావలసినంత శుద్ధమైన జెర్మేనియం ఇలాగే దొరికింది.

రూపం సంగతి ఇంకా రుచికరమైనది. గడ్డకట్టే అంచు మీద ఎక్కడో చిన్న ఉబ్బు వచ్చిందనుకోండి. ఆ ఉబ్బు మొన చల్లటి ద్రవంలోకి చొచ్చుకుపోయి ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి వేడి, అక్కరలేని పదార్థం సులువుగా తప్పుకుంటాయి, అది ఇంకా వేగంగా పెరుగుతుంది. ఉపరితల శక్తి మాత్రం మొనను మొద్దుబార్చాలని చూస్తుంది. ఈ రెండింటి పెనుగులాటలో ఏ వెడల్పు ఉబ్బులు గెలుస్తాయో ముల్లిన్స్, సెకెర్కా అనే ఇద్దరు 1963, 1964 సంవత్సరాల్లో లెక్క తేల్చారు. గెలిచిన ఉబ్బు కాండమవుతుంది, దాని పక్కల కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు వస్తాయి. అజ్జరం గంట బొరియలో పొడుచుకు వచ్చిన మొనలు ఇవే. బొమ్మలో చూస్తే ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలినట్టే ఉంటుంది, కాని ఆ పోలికను బొమ్మ దగ్గరే ఆపేయాలి, నది చీలడానికి కారణాలు వేరు.

ఆ కొమ్మ మొన ఎంత వేగంగా పెరుగుతుందన్న లెక్కను పరీక్షించడం భూమి మీద కష్టం, ఎందుకంటే వెచ్చబడిన ద్రవం తేలిక అయి పైకి లేచి వేడిని తనతో తీసుకుపోతుంది. అందుకే శాస్త్రవేత్త మార్టిన్ గ్లిక్స్‌మన్ బృందం తమ ప్రయోగాన్ని 1994, 1996, 1997లలో కొలంబియా అంతరిక్ష నౌకలో పంపింది. వారు ఎన్నుకున్న పదార్థం సక్సినోనైట్రైల్. అది 58 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అద్దంలా పారదర్శకంగా ఉంటుంది, అయినా లోహంలాగే కొమ్మలు వేస్తుంది, కాబట్టి లోహం లోపల ఏం జరుగుతుందో కంటితో చూడవచ్చు.

మన దగ్గర కూడా ఈ విద్యకు గట్టి పునాది ఉంది. విమాన ఇంజనులో మండిన వాయువుల ఎదుట తిరిగే బ్లేడు అనేక స్ఫటికాల ముద్ద అయితే స్ఫటికాల హద్దుల వెంట మెల్లగా సాగి విరుగుతుంది. అందుకని నికెల్ మిశ్రమాన్ని అచ్చులో కింది నుంచి పైకి నెమ్మదిగా గడ్డకట్టించి, మధ్యలో మెలిక తిరిగిన సన్నని దారి పెట్టి, ఆ ఇరుకులోంచి ఒకే ఒక్క స్ఫటికం బయటపడి బ్లేడంతా నిండేలా చేస్తారు. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల ఇటువంటి బ్లేడ్లను తయారు చేసింది. హెలికాప్టరు ఇంజను కోసం 60 బ్లేడ్లను హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు 2021లో అందజేశారు.

రోజంతా ఏం చేస్తారని అడిగారు కాబట్టి నిజం కూడా చెబుతాను. ఎక్కువ భాగం కాచుకుని కూర్చోవడమే. గంటకు రెండు మిల్లీమీటర్ల చొప్పున దిగే కొలిమి ముందు తొమ్మిది రోజులు గడిపాక, పదో రోజు తెల్లవారుజామున కరెంటు పోయి, జనరేటరు అందుకోవడానికి పట్టిన నిమిషం లోపలే స్ఫటికం అడ్డంగా చీలిపోవడం నా కళ్ళతో చూశాను. ఆ చీలికను కోసి చూస్తే, అంచు ఆ నిమిషంలో ఎలా తడబడిందో గీతగీసినట్టు కనిపించింది. నా పరిశోధన పత్రాల్లో మంచిదని నేను అనుకునేది ఆ పాడైన ముక్క నుంచే వచ్చింది.

ప్రశ్న (మండపేట): ఎనిమిదో తరగతి. ఇంట్లో పెద్ద స్ఫటికం పెంచాలంటే ఎలాగండి?

జవాబు: పటికతో మొదలుపెట్టు. మంగలి షాపులో గడ్డం గీశాక రాసే, వెలుతురు లోపలికి పోయే పటిక గడ్డ తెచ్చుకో. బురదనీళ్ళు తేర్చడానికి వాడే మసక రంగు పటిక దీనికి పనికిరాదు. అమ్మను పక్కన ఉంచుకుని, వేడి నీళ్ళలో పటిక పొడిని ఇక కరగదు అనేంతవరకూ కరిగించి, పలుచని గుడ్డలో వడకట్టి పళ్ళెంలో పొయ్యి. మర్నాటికి అడుగున చిన్న స్ఫటికాలు దిగుతాయి. వాటిలో అన్ని వైపులా పలకలు చక్కగా తేరిన ఒకదాన్ని ఎంచుకుని, సన్నని నైలాన్ దారానికి కట్టు. నూలు దారం వద్దు, దాని పీచు మీద కూడా బీజాలు పుడతాయి. మిగిలిన నీటిలో ఇంకాస్త పటిక కరిగించి, పూర్తిగా చల్లారాక మాత్రమే ఈ బీజాన్ని అందులో వేలాడదీయి. వెచ్చగా ఉండగా వేలాడదీస్తే అది కరిగిపోతుంది. సీసా మూతికి గుడ్డ కట్టి, ఎండ పడని, ఎవరూ కదపని మూల పెట్టు. వానాకాలంలో మన దగ్గర గాలి తేమగా ఉంటుంది కాబట్టి నీరు ఎగరదు. మాఘమాసం మంచి సమయం. అడుగున కొత్త స్ఫటికాలు కనిపిస్తే నీటిని వేరే సీసాలోకి వడకట్టి మార్చు, లేకపోతే అవి నీ స్ఫటికం వాటా తినేస్తాయి. మూడు వారాల్లో ఎనిమిది ముఖాలున్న స్ఫటికం తయారవుతుంది. బయటికి తీశాక తడిగుడ్డతో తుడవకు. అది కొన్నాళ్ళకు పైన మసకబారుతుంది గనుక, రంగులేని గోళ్ళరంగు ఒక పూత పూసి పెట్టుకో.